గేరు మార్చేదెవరు?

తెల్లవారుజామున సిద్దిపేటలో రాజీవ్ రహదారి పక్కన కాసేపు నిలబడి చూడండి. కూరగాయల పెట్టెలతో, బస్తాలతో, పాల క్యాన్లతో డీజిలు పికప్ బండ్లు హైదరాబాదు వైపు వరసగా పోతుంటాయి. కొన్ని వంటిమామిడి మార్కెట్టు దగ్గర ఆగుతాయి, కొన్ని నేరుగా నగరంలోకే వెళ్తాయి. ఇప్పుడు కళ్ళు మూసుకుని వాటి చప్పుడు మాత్రం వినండి. ఆగిన బండి కదిలేటప్పుడు ఇంజను గొంతు మెల్లగా పైకి లేస్తుంది. ఇక అరుస్తుందేమో అనుకునే లోపల ఒక్కసారిగా దిగిపోతుంది. మళ్ళీ లేస్తుంది, మళ్ళీ దిగుతుంది. అలా దిగిన ప్రతిసారీ డ్రైవరు గేరు మార్చాడన్నమాట.

"గేరు ఎప్పుడు మార్చాలో నీకెట్ల తెలుస్తది అన్నా?" అని ఏ డ్రైవరునైనా అడగండి. "అదేముంది, బండే చెప్తది" అంటాడు. ఇది తేలిగ్గా తీసిపారెయ్యవలసిన జవాబు కాదు. బండి ఏం చెబుతుంది? ఎలా చెబుతుంది? డ్రైవరు లేకుండా గేర్లు తమంతట తామే మారే బండి ఉంటే, దానికి ఆ మాట ఎవరు చెబుతారు? ఆ కబురు దారిలో తప్పిపోతే ఏమవుతుంది? ఈ నెల మనం చూడబోయేది అదే.

ముందు అసలు గేరు ఎందుకో గుర్తు చేసుకుందాం. పాత పికప్ బండి డీజిలు ఇంజను నిమిషానికి సుమారు 1000 చుట్ల నుంచి 3500 చుట్ల వరకు తిరిగినప్పుడే సుఖంగా పనిచేస్తుంది. అంతకు తగ్గితే గజగజ వణికి ఆగిపోతుంది. అంతకు మించి తిరగనివ్వరు. కాని చక్రాలు మాత్రం ఒక్క చుట్టూ తిరగని స్థితి నుంచి గంటకు 80 కిలోమీటర్ల వేగం దాకా పోవాలి. ఈ రెంటికీ పొత్తు కుదిర్చేది గేరు. మొదటి గేరులో ఇంజను చాలా చుట్లు తిరిగితే చక్రం కొద్ది చుట్లు తిరుగుతుంది. వేగం తక్కువ, తోపుడు ఎక్కువ. పై గేర్లలో వేగం ఎక్కువ, తోపుడు తక్కువ. నిండు బస్తాతో మెరక ఎక్కే బండికి కావలసింది తోపుడు. సాపు రోడ్డు మీద పోయే ఖాళీ బండికి కావలసింది వేగం.

కనుక డ్రైవరుకు రెండు సంగతులు తెలియాలి. బండి ఎంత వేగంగా పోతోంది? అది ఎంత భారం లాగుతోంది? భారం అంటే వెనక ఉన్న టమాటా పెట్టెలు మాత్రమే కాదు. మెరక కూడా భారమే, ఎదురుగాలి కూడా భారమే, ముందున్న బస్సును దాటిపోవాలనే తొందర కూడా ఇంజనుకు భారమే. వేగాన్ని డ్రైవరు చెవితో వింటాడు. భారాన్ని యాక్సిలరేటరు తొక్కుతున్న తన పాదంతో పసిగడతాడు. చెవికి అందిన కబురూ పాదానికి అందిన కబురూ అతని బుర్రలో కలుసుకుంటాయి. చెయ్యి గేరు రాడ్డు మీదికి పోతుంది.

మన ప్రాంతంలో పికప్పులూ చిన్న లారీలూ చాలాకాలం అన్నీ ఇలా చేతిగేర్లవే. సిద్దిపేట 2016 అక్టోబరు వరకు మెదక్ జిల్లాలో ఉండేది. ఆ జిల్లాలోనే జహీరాబాదులో 1980లలో ఆల్విన్ నిస్సాన్ చిన్న లారీలు తయారయ్యేవి. వాటికీ చేతిగేర్లే. గేర్లు తమంతట తామే మారే ఆటోమేటిక్ గేరుబాక్సు పుట్టి పెరిగింది అమెరికాలో. జనరల్ మోటార్స్ కంపెనీ 'హైడ్రామాటిక్' అనే పేరుతో 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో దాన్ని పెట్టింది. అప్పటికి కంప్యూటర్లు లేవు, ట్రాన్సిస్టర్లు కూడా లేవు. మరి గేరు ఎప్పుడు మార్చాలో ఆ పెట్టె ఎలా ఆలోచించింది? నూనెతో!

నూనెతో ఆలోచించే పెట్టె

ఒక టేబులు ఫ్యాను వేసి, దానికి ఎదురుగా కరెంటు పెట్టని మరో ఫ్యానును ఉంచండి. మొదటి దాని గాలికి రెండోది కూడా తిరగడం మొదలుపెడుతుంది. మధ్యలో ఇనుప కడ్డీ లేదు, గొలుసు లేదు, అయినా కదలిక ఇటు నుంచి అటు పోయింది. ఆటోమేటిక్ బండిలో ఇంజనుకీ గేర్లకీ మధ్య ఇలాంటి రెండు రెక్కల చక్రాలే ఉంటాయి. గాలి బదులు నూనె. ఇంజను తిప్పే చక్రం నూనెను రెండో చక్రం మీదికి విసురుతుంది. ఈ రెండింటి మధ్య, నూనెను సరైన దిక్కుకు మళ్ళించే మూడో రెక్కల చక్రాన్ని కూడా అమర్చితే, బయల్దేరేటప్పుడు తిప్పుడు బలం సుమారు రెట్టింపవుతుంది. దీన్ని టార్కు కన్వర్టరు అంటారు. బండి ఆగినా ఇంజను ఆగిపోకుండా ఉండేది దీనివల్లే. అందుకే క్లచ్చి పెడలు అక్కర్లేదు.

ఇక గేర్లు. చేతిగేరు పెట్టెలో పళ్ళచక్రాలు పక్కపక్కన ఉంటాయి. ఆటోమేటిక్‌లో చిన్నపాటి సౌరకుటుంబం ఉంటుంది. మధ్యలో సూర్యచక్రం. దాని చుట్టూ తిరిగే మూడు నాలుగు గ్రహచక్రాలు. వాటన్నిటినీ చుట్టి లోపలివైపు పళ్ళున్న కంకణం. గ్రహచక్రాలన్నిటినీ ఒక చట్రం పట్టుకుని ఉంటుంది. సూర్యుడికి 30 పళ్ళు, కంకణానికి 60 పళ్ళు ఉన్నాయనుకోండి. కంకణాన్ని కదలకుండా పట్టుకుని సూర్యుణ్ణి తిప్పితే, సూర్యుడు మూడు చుట్లు తిరిగితేగాని గ్రహాల చట్రం ఒక చుట్టు తిరగదు. సూర్యుణ్ణి పట్టుకుని కంకణాన్ని తిప్పితే, ఒకటిన్నర చుట్టుకు చట్రం ఒక చుట్టు తిరుగుతుంది. రెంటినీ కలిపి బిగిస్తే అంతా ఒకే ముద్దగా తిరుగుతుంది. చట్రాన్నే పట్టుకుని సూర్యుణ్ణి తిప్పితే కంకణం వెనక్కి తిరుగుతుంది. అదే రివర్సు! పళ్ళు ఎప్పుడూ విడిపోవు. దేన్ని పట్టుకోవాలి, దేన్ని వదలాలి అన్నదే గేరు మార్చడం. నిజమైన పెట్టెల్లో ఇలాంటి కుటుంబాలు రెండో మూడో ఉంటాయి.

పట్టుకునే పని నూనెలో తడిసే క్లచ్చి ప్లేట్లది. నూనె పీడనం వాటిని ఒకదానికొకటి నొక్కితే పట్టు, పీడనం తీసేస్తే విడుపు. ఆ పీడనం ఇచ్చే పంపును ఇంజనే తిప్పుతుంది. ఇందులో ఒక చిక్కుంది. మన ఊళ్ళలో బ్యాటరీ దిగిపోతే నలుగురు కలిసి బండిని నెట్టి స్టార్టు చేస్తారు కదా, ఆ పప్పులు దీని దగ్గర ఉడకవు. ఇంజను తిరగకపోతే పంపు తిరగదు, పంపు తిరగకపోతే క్లచ్చి పట్టదు. క్లచ్చి పట్టకపోతే మీరు ఎంత నెట్టినా ఆ తోపుడు ఇంజను దాకా పోదు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. పెట్టె లోపల వేలెడంత ఉక్కు కడ్డీ ఒకటి రంధ్రంలో అటూ ఇటూ జారుతూ ఉంటుంది. దీన్ని షిఫ్టు వాల్వు అంటారు. దానికి ఒక చివర నుంచి 'వేగం' నూనె నెడుతుంది. రెండో చివర నుంచి 'భారం' నూనె, దానికి తోడుగా ఒక స్ప్రింగూ నెడతాయి. పండక్కి తాడు లాగే పోటీ చూస్తారు కదా, ఇది తాడు తోసే పోటీ! వేగం గెలిస్తే కడ్డీ జరుగుతుంది, కొత్త దారి తెరుచుకుని నూనె పై గేరు క్లచ్చిలోకి పోతుంది.

వేగం నూనెను తయారు చేసేది గవర్నరు. రాష్ట్రానికి ఉండే గవర్నరుకీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. చక్రాలకు శక్తిని తీసుకుపోయే ఇరుసు మీద చిన్న బరువులుంటాయి. ఇరుసు వేగంగా తిరిగేకొద్దీ అవి బయటికి విచ్చుకుంటాయి. విచ్చుకున్నకొద్దీ నూనె పీడనం పెరుగుతుంది. 1788లో జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రానికి పెట్టిన గవర్నరు కూడా ఈ బరువుల సూత్రం మీదే పనిచేసింది.

ఒక లెక్క వేద్దాం. అంకెలు తేలిక కోసం ఎంచుకున్నవి, పద్ధతి మాత్రం నిజమైనదే. వేగం వైపు కడ్డీ వైశాల్యం 2 చదరపు సెంటీమీటర్లు. గంటకు ప్రతి 20 కిలోమీటర్ల వేగానికి అక్కడ పీడనం చదరపు సెంటీమీటరుకు 1 కిలో చొప్పున పెరుగుతుందనుకుందాం. భారం వైపు వైశాల్యం 1 చదరపు సెంటీమీటరు, స్ప్రింగు బలం 2 కిలోలు. డ్రైవరు మెల్లగా తొక్కుతున్నప్పుడు భారం పీడనం 1. అంటే ఎదురు బలం 2 కూడిక 1, మొత్తం 3 కిలోలు. దాన్ని గెలవాలంటే వేగం పీడనం ఒకటిన్నర కావాలి. అంటే 30 కిలోమీటర్ల వేగంలో గేరు మారుతుంది. అదే డ్రైవరు అడుగంటా తొక్కితే భారం పీడనం 4 అనుకోండి. ఎదురు బలం 6 కిలోలు. వేగం పీడనం 3 కావాలి. ఇప్పుడు 60 కిలోమీటర్లకుగాని గేరు మారదు. తేలిక పాదానికి తొందరగా, బరువు పాదానికి ఆలస్యంగా! అనుభవం ఉన్న డ్రైవరు చేసేదీ ఇదే కదా. పాస్కల్ సూత్రం తప్ప ఇందులో వేరే బుర్ర ఏమీ లేదు. ఈ 30, 60 అంకెలు గుర్తుంచుకోండి, మళ్ళీ అక్కరకొస్తాయి.

భారం కబురు చేసే పని ఇంకొకటి కూడా ఉంది. భారం ఎక్కువైతే క్లచ్చి ప్లేట్లను మరింత గట్టిగా నొక్కమని అది పంపు పీడనాన్ని పెంచుతుంది. బరువైన బస్తాను ఎత్తేముందు మన పిడికిలి దానంతటదే బిగుసుకున్నట్లు.

డీజిలుతో వచ్చిన తంటా

మరి పాదం ఎంత తొక్కిందో గేరు పెట్టెకు తెలిసేదెలా? పెట్రోలు బండిలో దీనికి సులువైన మార్గం దొరికింది. పెట్రోలు ఇంజను గాలి పీల్చుకునే దారిలో ఒక మూత ఉంటుంది. యాక్సిలరేటరు తొక్కితే అది తెరుచుకుంటుంది, వదిలితే మూసుకుంటుంది. మూత మూసి ఉన్నప్పుడు ఇంజను గాలి కోసం గట్టిగా పీలుస్తుంది. లోపలి పీడనం బయటి గాలికంటే సుమారు 450 మిల్లీమీటర్ల పాదరసమంత తక్కువగా ఉంటుంది. అడుగంటా తొక్కితే మూత పూర్తిగా తెరుచుకుని ఆ పీల్పు దాదాపు సున్నా అవుతుంది. కనుక పీల్పు ఎక్కువుంటే భారం తక్కువ, పీల్పు తగ్గితే భారం ఎక్కువ. ఒక సన్నని రబ్బరు గొట్టంతో ఆ పీల్పును గేరు పెట్టె దాకా తీసుకుపోతే చాలు. అక్కడ మాడ్యులేటరు అనే చిన్న డబ్బా ఉంటుంది. అందులో ఒక పలుచని పొర, ఒక స్ప్రింగు. పీల్పు పొరను వెనక్కి లాగితే భారం నూనె పీడనం తగ్గుతుంది. పీల్పు పోతే స్ప్రింగుదే రాజ్యం, పీడనం పెరుగుతుంది.

డీజిలు ఇంజనులో ఆ మూతే లేదు! పెట్రోలు ఇంజనులా నిప్పురవ్వ కూడా లేదు. గాలిని ఇరవయ్యో వంతుకు కుదిస్తే అదే డీజిలును అంటించేటంత వేడెక్కుతుంది. యాక్సిలరేటరు తొక్కితే పెరిగేది డీజిలు చుక్క పరిమాణమే కాని గాలి కాదు. గాలి ఎప్పుడూ పుష్కలంగా లోపలికి పోతూనే ఉంటుంది. మెల్లగా పోయినా, వేగంగా పోయినా చెప్పుకోదగ్గ పీల్పు ఉండదు. అంటే భారం కబురు పంపే తపాలా మనిషే లేడు.

అమెరికాలో 1982 మోడల్ నుంచి జనరల్ మోటార్స్ 6.2 లీటర్ల డీజిలు ఇంజనును, 1983 మోడల్ నుంచి ఫోర్డు 6.9 లీటర్ల డీజిలు ఇంజనును పికప్ బండ్లలో పెట్టాయి. వీటికి ఆటోమేటిక్ గేరుబాక్సు కూడా కావాలన్న కొనుగోలుదారులు చాలామంది. ఇంజనీర్లు ఏం చేశారో చూడండి. ఇంజనుకు విడిగా ఒక పీల్పు పంపును తగిలించారు. ఆ పంపు ఎప్పుడూ ఒకే తీరుగా పీలుస్తుంది. దాని గొట్టాన్ని డీజిలు పంపు మీటకు అతికించిన ఒక చిన్న వాల్వు గుండా తిప్పారు. మీట ఎంత కదిలితే ఆ వాల్వు అంత గాలిని లోపలికి వదిలి పీల్పును అంత తగ్గిస్తుంది. పెట్రోలు ఇంజనులో సహజంగా దొరికే కబురును డీజిలులో ఇలా కృత్రిమంగా పుట్టించారు. ఉపాయం బాగానే ఉంది కాని, పంపు, గొట్టం, వాల్వు, మళ్ళీ గొట్టం, డబ్బా, పొర ఇన్ని చేతులు మారి కబురు రావాలి. బండి పాతబడేకొద్దీ ఏ చెయ్యి తడబడుతుందో తెలియదు.

పీల్పు పంపు మన మెకానిక్కులకు కొత్తేమీ కాదు. మన డీజిలు పికప్పుల్లో బ్రేకు తేలిగ్గా పడడానికి పీల్పు కావాలి కనుక చాలావాటికి అలాంటి పంపు ఆల్టర్నేటరు వెనకనే ఉంటుంది. అది చెడితే బ్రేకు పెడలు రాయిలా బిగుసుకుంటుంది.

ఊహలో ఒక బండి

ఇప్పుడు ఆ కాలపు అమెరికా డీజిలు పికప్పును ఒకదాన్ని ఊహలో సిద్దిపేట షెడ్డుకు తెద్దాం. అక్కడి ఉస్తాద్ ఎన్నో చేతిగేరు పెట్టెలు విప్పి బిగించినవాడు, ఆటోమేటిక్ మాత్రం ఎప్పుడూ విప్పలేదు. డ్రైవరు వచ్చి, "ఉస్తాద్, గేరు తొందరగ మారుతలేదు. ఇంజను మొత్తుకుంటున్నది. మారినప్పుడు ఎనుక నుంచి ఎవలో గుద్దినట్టు అయితున్నది" అంటాడు. పక్కనున్నవాళ్ళు వెంటనే "గేరుబాక్సు దించాలె" అంటారు. ఆటోమేటిక్ పెట్టెను దించి, విప్పి, ప్లేట్లూ సీళ్ళూ మార్చడమంటే రోజుల పని, బండి యజమాని నడుము విరిగే ఖర్చు. పైగా జబ్బు పెట్టెలో లేకపోతే, అంతా మార్చి బిగించాక కూడా బండి అలాగే మొత్తుకుంటుంది.

మంచి ఉస్తాద్ పానా తియ్యడు. ముందు అడుగుతాడు. "అన్నా, అసలే మారదా, ఆలస్యంగ మారుతదా?"

ఈ ఒక్క ప్రశ్నలో సగం పని అయిపోయింది. మన లెక్కకు వెళ్ళండి. గవర్నరు చెడి వేగం కబురు పూర్తిగా ఆగిపోతే వేగం పీడనం సున్నా. సున్నా దేన్నీ గెలవలేదు. ఎంత వేగంగా పోయినా గేరు మారదు. కాని డ్రైవరు "మారుతది, అరవై దాటినంక" అన్నాడు. పైగా మెల్లగా తొక్కినా అరవైకే మారుతోంది. అంటే వేగం కబురు వస్తూనే ఉంది. గేరు పెట్టె మాత్రం పాదం ఎప్పుడూ అడుగంటా ఉందని నమ్ముతోంది! భారం పీడనం 4 దగ్గరే ఉండిపోయింది. గుద్దినట్టు మారడానికి కారణం కూడా ఇదే. భారం ఎక్కువనుకుని పెట్టె క్లచ్చిని బలంకొద్దీ నొక్కుతోంది. రెండు లక్షణాలూ ఒకే వైపు వేలు చూపిస్తున్నాయి. పీల్పు డబ్బా దాకా చేరడం లేదు.

ఎక్కడ పోయింది? ఉస్తాద్ రెండో ప్రశ్న బ్రేకు గురించి. రెండింటికీ ఒకే పంపు ఉన్న బండిలో, బ్రేకు పెడలు కూడా గట్టిగా ఉంటే పంపునే అనుమానించాలి. బ్రేకు మామూలుగా ఉంటే పంపు మంచిదే, తప్పు ఆ తర్వాత ఎక్కడో ఉంది. అప్పుడు ఇంజనును ఊరికే తిరగనిచ్చి, గొట్టాన్ని మధ్యలో ఊడదీసి బొటనవేలు పెట్టి చూస్తాడు. వేలిని గట్టిగా లాగితే అక్కడిదాకా కబురు క్షేమం. లాగకపోతే తప్పు ఇవతలే ఉంది. పీల్పు కొలిచే మీటరు ఉంటే మరీ మంచిది, అంకె చూపిస్తుంది. ఇలా దారిని సగం చేసి, ఆ సగాన్ని మళ్ళీ సగం చేసి వెతికితే నాలుగైదు సార్లలో చోటు దొరుకుతుంది. చాలాసార్లు దొరికేది ఇంజను వేడికి ఎండి పగిలిన జానెడు రబ్బరు గొట్టం!

సందేహమైతే మీరే పరీక్షించండి. కొబ్బరి బొండాం తాగే గొట్టానికి పైభాగంలో పిన్నీసుతో నాలుగైదు రంధ్రాలు పొడిచి తాగి చూడండి. ఎంత పీల్చినా నోట్లోకి గాలే ఎక్కువ, నీళ్ళు తక్కువ. బొండాం నిండుగానే ఉంది, మీ ఊపిరితిత్తులూ బాగానే ఉన్నాయి. చెడింది గొట్టం.

గొట్టం మంచిదై, దాన్ని డబ్బా దగ్గర ఊడదీసినప్పుడు లోపల ఎర్రటి నూనె చుక్క కనిపిస్తే డబ్బాలోని పొర చిరిగిందని అర్థం. ఆటోమేటిక్ గేరు నూనెకు ఎర్ర రంగు వేయడం పాత అలవాటు. ఇంజను నూనె చుక్కకీ దీని చుక్కకీ తేడా కనిపించాలి కదా. పొర చిరిగితే పీల్పు పోవడమే కాక, పంపు ఆ నూనెను కూడా మెల్లగా తాగేస్తుంటుంది. కింద ఒక్క చుక్క కారకపోయినా నూనె తగ్గుతున్నదని డ్రైవరు ఆశ్చర్యపోయేది అప్పుడే.

ఇక దీనికి సరిగ్గా ఎదురు జబ్బు ఉంది. నన్నడిగితే ఇదే ఎక్కువ ప్రమాదకరం, ఎందుకంటే దీన్ని ఎవరూ జబ్బనుకోరు. డీజిలు పంపు మీద ఉన్న చిన్న వాల్వు బిగుసుకుపోయి పీల్పును తగ్గించడం మానేసిందనుకోండి. భారం పీడనం ఎప్పుడూ 1 దగ్గరే ఉంటుంది. నిండు లోడుతో మెరక ఎక్కుతున్నా 30కే గేరు మారిపోతుంది. అదీ వెన్నలా, తెలియకుండా మారుతుంది. డ్రైవరు సంతోషిస్తాడు. కాని లోపల ప్లేట్ల మీద పిడికిలి బిగుసుకోవడం లేదు. బరువుకు అవి ఒకదాని మీద ఒకటి జారుతున్నాయి. అరచేతులు గట్టిగా రుద్దితే ఎంత వేడి పుడుతుందో మీకు తెలుసు. మన ఏప్రిల్, మే ఎండలో, టన్ను బరువు కింద ఆ రాపిడిని ఊహించండి. కొన్నాళ్ళకు ప్లేట్ల మీది పూత మాడిపోతుంది. గుద్దినట్టు మారే బండి యజమానిని షెడ్డుకు పరిగెత్తిస్తుంది. వెన్నలా మారే బండి అతన్ని జోకొట్టి పెట్టెను కాల్చేస్తుంది.

ప్లేట్లు కాలాయో లేదో నూనె చెబుతుంది. బండిని సాపు నేల మీద నిలిపి, ఈ రకం పెట్టెల్లో ఇంజను తిరుగుతుండగానే, నూనె వేడెక్కాక కొలకడ్డీ తీసి చూడాలి. ఒక చుక్కను తెల్ల కాగితం మీద వేస్తారు. ఎర్రగా పలుచగా పాకితే సుఖం. గోధుమ రంగుకు తిరిగి మాడు వాసన వేస్తే ప్లేట్లు కాలుతున్నాయి. చిక్కని పాలు కలిపినట్టు గులాబీ రంగులో ఉంటే రేడియేటరు లోపల నూనెను చల్లబరిచే గొట్టం చిల్లుపడి నీళ్ళు కలిశాయి. నూనె తొట్టి అడుగున పెట్టే అయస్కాంతానికి సన్నని బూడిద రంగు పొడి అంటుకుని ఉండడం మామూలే. ముక్కలుంటే మామూలు కాదు. మాడు వాసన వచ్చిన బండికి గొట్టం మార్చినంత మాత్రాన సరిపోదు. అప్పుడు పెట్టె దించవలసిందే. అయితే పెట్టెను బాగు చేసి గొట్టాన్ని మరచిపోతే కొత్త ప్లేట్లు కూడా పాతవాటి దారే పడతాయి.

మరో ఫిర్యాదు తరచుగా వినిపిస్తుంది. "బండి గుంజుతలేదు." ఇందులో రెండు వేర్వేరు జబ్బులు దాక్కుని ఉంటాయి. తొక్కినప్పుడు ఇంజను గొంతు జుయ్యిమని లేచి, బండి మాత్రం కదలకపోతే క్లచ్చి జారుతోంది. ఇంజను గొంతే లేవకపోతే గేరు పెట్టెను నిందించడం అన్యాయం. డీజిలు వడగట్టే ఫిల్టరు మూసుకుపోయిందేమో చూడాలి. జారడం ఒక్క గేరులోనే అయితే ఆ గేరు క్లచ్చిది తప్పు. అన్ని గేర్లలోనూ అయితే నూనె తగ్గిందో, నూనె వడగట్టే జల్లెడ పూడిందో, పంపు అలసిందో. పొద్దున చల్లగా ఉన్నప్పుడు గేరు వేసిన రెండు మూడు క్షణాల దాకా కదలక, వేడెక్కాక బాగుపడే బండిలో రబ్బరు సీళ్ళు గట్టిపడి ఉండవచ్చు.

చేతిగేరు బండిలో కూడా మన ఉస్తాద్‌లు క్లచ్చి జారుడును ఇలాగే విడదీస్తారు. హాండు బ్రేకు గట్టిగా వేసి, పై గేరులో పెట్టి, క్లచ్చి పెడలును మెల్లగా వదులుతారు. ఇంజను ఉక్కిరిబిక్కిరై ఆగిపోతే క్లచ్చి మంచిది. ఏమీ పట్టనట్టు తిరుగుతూనే ఉంటే క్లచ్చి అరిగింది. ఇవన్నీ బండి ఎదుట ఎవరూ లేకుండా, చక్రాలకు అడ్డు రాళ్ళు పెట్టి పెద్దవాళ్ళు చేసే పరీక్షలు. మీరు చూడండి, వినండి, చెయ్యి పెట్టకండి.

సూదిమందు సిరంజీలతో మాత్రం మీరు నిక్షేపంగా ఆడుకోవచ్చు. మందుల దుకాణంలో సూది లేని కొత్త సిరంజీలు ఒకటి చిన్నది, ఒకటి పెద్దది కొనండి. వాటిలో నీళ్ళు నింపి, గాలి బుడగ లేకుండా సన్నని ప్లాస్టిక్ గొట్టంతో కలపండి. చిన్నదాన్ని మీరు, పెద్దదాన్ని మీ స్నేహితుడు ఒకేసారి నొక్కండి. మీ స్నేహితుడు మీకంటే బలవంతుడైనా గెలిచేది మీరే కావచ్చు. రెండు సిరంజీల అడ్డకొలతలు కొలిచి, వైశాల్యాల నిష్పత్తి లెక్కకట్టి, ఎందుకో చెప్పగలరేమో చూడండి. తర్వాత కావాలనే ఒక గాలి బుడగను లోపలికి రానిచ్చి నొక్కండి. మెత్తగా, ఆలస్యంగా కదులుతుంది. నూనె తగ్గి పంపు గాలిని మింగిన పెట్టెలో జరిగేది ఇదే.

అమెరికాలో పెద్ద పికప్పుల గేరు పెట్టెలకు 1989 నుంచి కంప్యూటరు రావడం మొదలైంది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో, 2016లో మొదలైన ఇసుజు ఫ్యాక్టరీ నుంచి వచ్చే డీజిలు పికప్పుల్లో ఆటోమేటిక్ గేర్ల రకం కూడా ఉంది. రబ్బరు గొట్టం పోయింది, విచ్చుకునే బరువులు పోయాయి. ఇరుసు దగ్గర ఒక సెన్సారు చుట్లు లెక్కపెడుతుంది. యాక్సిలరేటరు దగ్గర మరో సెన్సారు పాదాన్ని కొలుస్తుంది. రెండు కబుర్లూ కరెంటు రూపంలో కంప్యూటరుకు పోతాయి, అది విద్యుత్ వాల్వులను తెరిచి మూస్తుంది. మెకానిక్కు స్కానర్ తగిలిస్తే వేగం కబురు రావడం లేదని తెర మీద అంకె పడుతుంది. కాని తీగను ఎలుక కొరికిందా, కొస తుప్పు పట్టిందా, సెన్సారే చచ్చిందా అన్నది ఆ అంకె చెప్పదు. దాన్ని తేల్చాలంటే ఉస్తాద్ మీటరు పట్టుకుని, బొటనవేలు పెట్టి గొట్టాన్ని చూసినట్టే, తీగను ఈ కొస నుంచి ఆ కొసకు సగం సగం చేసుకుంటూ పోవాలి.